బ్యాగుల కాపలా ఇక వద్దు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగ పాఠం)

 

నిన్నటి నుంచి ఈ వేదిక మీద పెద్ద విషయాలు నడిచాయి. కొత్త ల్యాబ్ గురించి, పేద పిల్లల ఫీజుల గురించి, కారుతున్న లైబ్రరీ కప్పు గురించి మాట్లాడారు. నాకు ఇచ్చిన విషయం వాటి ముందు చాలా చిన్నది. స్వర్ణోత్సవ సంవత్సరంలో అందరం కలిసి ఒక యాత్ర వెళ్ళాలని కార్యవర్గం తీర్మానించింది. ఆర్టీసీలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసిన పాపానికి బస్సు మాట్లాడే పని ఎప్పుడూ నా నెత్తినే పడుతుంది. ఈసారి బస్సు ఎక్కడికో కూడా నన్నే తేల్చమన్నారు.

మీరు రాసిచ్చిన సూచనల కాగితాలన్నీ చదివాను. మనవళ్ళు, మనవరాళ్ళు కూడా వస్తారు కాబట్టి ఎక్కువమంది థీమ్ పార్కు అన్నారు. మంచి ఆలోచనే. కానీ తొమ్మిది కాగితాల్లో కింద చిన్న అక్షరాలతో ఇంచుమించు ఒకే మాట ఉంది. "నేను రైడ్లు ఏమీ ఎక్కను. మీరందరూ ఎక్కండి. బ్యాగులు నేను చూసుకుంటాను."

ఆ తొమ్మిది మంది గురించే ఈ ప్రసంగం. రాయడానికి మొహమాటపడి ఊరుకున్నవాళ్ళు ఇంకెంతమందో ఉంటారు.

ముందుగా నా సంగతి చెప్పేస్తాను. నాకు రైడ్లంటే ఇష్టం. అరవై దాటినా ఇష్టమే. తలకిందులు చేసినా, గిరగిరా తిప్పినా నాకు నవ్వే వస్తుంది. అందుకే ఎక్కనివాళ్ళ బాధ నాకు చాలాకాలం అర్థం కాలేదు. అర్థం కాకపోవడమే కాదు, ఒక తప్పు కూడా చేశాను. దాన్ని ఈ వేదిక మీద ఒప్పుకోవాలని వచ్చాను.

పన్నెండేళ్ళ కిందట మా బ్యాచ్ వాళ్ళం కుటుంబాలతో ఒక రైడ్ల పార్కుకి వెళ్ళాం. నలభై మందిమి. గేటు దాటిన పావుగంటలో మనుషులు రెండు జట్లయ్యారు. ఒక జట్టు క్యూలో, ఒక జట్టు బెంచీల మీద. బెంచీల మీద ఉన్నవాళ్ళ ఒళ్ళో బ్యాగులు, పక్కన చెప్పులు, చేతుల్లో మా కళ్ళజోళ్ళు, ఫోన్లు. ఎక్కే మాకూ వాళ్ళకూ టికెట్టు ఒకటే. మేం పదకొండు రైడ్లు ఎక్కాం. వాళ్ళు పొద్దున పది నుంచి సాయంత్రం అయిదు దాకా సామాన్లకు కాపలా కాశారు.

ఆ బెంచీ మీద మా క్లాస్‌మేట్ ఒకడు ఉన్నాడు. ఒకే బెంచీ మీద ఆరో తరగతి నుంచి పది దాకా కలిసి కూర్చున్నవాళ్ళం. నేను వెళ్ళి చెయ్యి పట్టుకుని లాగాను. "ఒరేయ్, యాభై ఏళ్ళొచ్చినా నీ పిరికితనం పోలేదురా, నీ మనవడు నవ్వుతాడు రేపు" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆడవాళ్ళ ముందు, పిల్లల ముందు ఆ మాట పడ్డాక వాడు ఇంక కాదనలేకపోయాడు. ఎక్కాడు. దిగాక ముఖం తెల్లగా పాలిపోయింది. గడ్డిలో పడుకోబెట్టాం. గంటసేపు లేవలేదు. ప్రాణానికి ఏమీ కాలేదు, దేవుడి దయ. కానీ తిరుగు ప్రయాణంలో వాడు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆ తర్వాత పన్నెండేళ్ళలో మా బ్యాచ్ కలిసిన ఏ సందర్భానికీ రాలేదు. పార్కు వాళ్ళ తప్పు ఇందులో ఏమీ లేదు. వాళ్ళు బోర్డు పెట్టారు, జాగ్రత్తలు చెప్పారు. తప్పు నాది.

ఇందులో నన్ను ఎక్కువ బాధించేది ఇంకొకటి ఉంది. ఈ పాఠం నాకు మన బడిలోనే ఒకసారి చెప్పారు. నేనే మరిచిపోయాను.

మేం తొమ్మిదో తరగతిలో ఉండగా తెలుగు మాస్టారు మమ్మల్ని కోటప్పకొండ తిరునాళ్ళకు తీసుకెళ్ళారు. శివరాత్రి. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చిన ప్రభలు తాటిచెట్ల కంటే ఎత్తుగా, ఒళ్ళంతా విద్యుద్దీపాలతో నిలబడి ఉన్నాయి. మా కళ్ళు మాత్రం జెయింట్ వీల్ మీద. మేమందరం ఎక్కాం. ఇప్పుడు చెప్పిన ఆ స్నేహితుడు ఎక్కనన్నాడు. అప్పుడూ వెక్కిరించాం. మాస్టారు ఏమీ అనలేదు. "నువ్వు నాతో రారా" అని వాడి భుజం మీద చెయ్యి వేసి జనంలోకి తీసుకెళ్ళారు.

మరునాడు క్లాసులో తిరునాళ్ళ మీద వ్యాసం రాయమన్నారు. మేమంతా "జెయింట్ వీల్ ఎక్కితిమి, చాలా ఆనందించితిమి" అని అరపేజీ రాశాం. వాడు నాలుగు పేజీలు రాశాడు. ప్రభను ఎన్ని మోకులతో నిలబెడతారో రాశాడు. జీళ్ళు చేసేవాడు పాకాన్ని మేకుకు తగిలించి ఎలా సాగదీస్తాడో, లాగేకొద్దీ గోధుమరంగు పాకం ఎలా తెల్లబడుతుందో రాశాడు. గాజులు వేయించుకుంటూ ఏడ్చిన చిన్నపిల్ల గురించి రాశాడు. మాస్టారు ఆ వ్యాసం చదివి వినిపించి, "తిరునాళ్ళకు వీడొక్కడే వెళ్ళాడురా, మీరంతా రాట్నానికి వెళ్ళొచ్చారు" అన్నారు. మాస్టారు ఇప్పుడు మన మధ్య లేరు. ఆ మాట మాత్రం ఈ పన్నెండేళ్ళూ నా చెవిలో ఉంది.

సరే, పార్కుల విషయానికి వస్తాను. థీమ్ పార్కు అంటేనే రైడ్లు, రైడ్లంటే భయం పుట్టించేవి అని మనం అనుకుంటాం. చరిత్ర చూస్తే అలా లేదు. వాల్ట్ డిస్నీ లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ పార్కుకి తన ఇద్దరు కూతుళ్ళను తీసుకెళ్ళేవాడు. పిల్లలు రంగులరాట్నం ఎక్కితే ఆయన బెంచీ మీద కూర్చుని వేరుశెనగలు తినేవాడు. పెద్దలూ పిల్లలూ కలిసి ఆనందించే చోటు ఒకటి ఉంటే బాగుండునన్న ఆలోచన తనకు అక్కడే పుట్టిందని ఆయనే చెప్పుకున్నాడు. చూశారా, డిస్నీల్యాండ్ పుట్టింది రాట్నం మీద కాదు, బెంచీ మీద! మన బ్యాగుల కాపలాదారుల ఆలోచనే అది. 1955 జూలైలో డిస్నీల్యాండ్ తెరిచినప్పుడు అందులో రోలర్ కోస్టర్ లేదు. ఆవిరి రైలు ఉంది, పడవలు ఉన్నాయి, కథల ఊళ్ళు ఉన్నాయి. మొదటి రోలర్ కోస్టర్, మాటర్‌హార్న్, 1959లో వచ్చింది.

నెదర్లాండ్స్‌లోని ఎఫ్టెలింగ్ కూడా అంతే. 1952లో అది తెరిచినప్పుడు ఉన్నది ఒక అద్భుత కథల అడవి. ఆంటన్ పీక్ అనే చిత్రకారుడి బొమ్మల ఆధారంగా చెట్ల మధ్య కథల్లోని ఇళ్ళు, మనుషులు, రాక్షసులు. నడుస్తూ చూడటమే. మా క్లాసు అమ్మాయి ఒకామె కూతురు ఆ దేశంలో ఉంటే వెళ్ళి చూసివచ్చింది. అక్కడ చెత్తబుట్టలు లావుపాటి మనిషి బొమ్మల్లా ఉంటాయట. కాగితం ఇలా వెయ్యండి అని నోరు తెరిచి అడుగుతాయి, వేస్తే లోపలికి పీల్చుకుంటాయి. "చెత్త వెయ్యడానికి చెత్త వెతుక్కుంటూ తిరిగాను" అని ఆమె చెప్పింది. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. ఒక్క రైడూ ఎక్కలేదు. రోజంతా సరిపోలేదంది.

ఇక పిరికితనం అన్న మాట సంగతి. మన నేచురల్ సైన్స్ మేడం గారు ముందు వరసలోనే ఉన్నారు. ఆవిడ బోర్డు మీద చెవి బొమ్మ గీసి, లోపలి చెవిలో మూడు అర్ధవృత్తాకార కుల్యలు ఉంటాయి, వాటిలో ద్రవం కదిలితే తల ఎటు తిరిగిందో మెదడుకు తెలుస్తుంది అని చెప్పారు. కన్ను ఒకటి చెప్పి చెవి ఒకటి చెబితే మెదడుకు పొత్తు కుదరదు. అప్పుడు కడుపులో తిప్పుతుంది. ఇది కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ. ధైర్యంతో దీనికి సంబంధం లేదు. ఘాట్ రోడ్డులో మా బస్సు నిండా వాంతులు చేసుకుంటుంటే డ్రైవరు మాత్రం నిక్షేపంగా ఉంటాడు. డ్రైవరుకు ధైర్యం ఎక్కువై కాదు. మలుపు ఎటు వస్తుందో అతనికి ముందే తెలుసు, తిప్పేది తన చేతే కాబట్టి. మా ఆవిడ తిరుమల కొండకు బస్సెక్కితే కొంగున నిమ్మకాయ ఉండాల్సిందే. అదే మనిషి మా నాన్న ఆఖరి మూడేళ్ళు మంచంలో ఉంటే ఒంటిచేత్తో చూసుకుంది. ఆవిణ్ణి పిరికిది అనే ధైర్యం నాకు లేదు.

ఇంకో మాట. ఎక్కకపోవడానికి రోగం ఉండనక్కరలేదు. బీపీ ఉంది, వెన్ను నొప్పి ఉంది అని డాక్టరు చీటీ చూపించి క్షమాపణ చెప్పుకోనక్కరలేదు. ఇష్టం లేదు అన్న ఒక్క మాట చాలు. కాకరకాయ ఇష్టం లేదంటే ఎవరైనా కారణం అడుగుతారా?

అయితే ఎక్కనివాళ్ళకు ఏ పార్కు బాగుంటుంది? కొన్ని నేను చూశాను, కొన్ని చూసినవాళ్ళని అడిగి, చదివి తెలుసుకున్నాను. బస్సు రూటు సర్వే చేసినట్టు నాలుగు గుర్తులు పెట్టుకున్నాను. యాత్రలు వేసుకునే ప్రతి బ్యాచ్‌కీ పనికొస్తాయి.

మొదటిది, టికెట్టు ఎలా పెట్టారో చూడండి. చాలాచోట్ల ఒకే టికెట్టు, ఎక్కినా ఎక్కకపోయినా అంతే. కొన్నిచోట్ల ప్రవేశం వేరు, రైడ్లు వేరు. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో, రైల్వే స్టేషన్‌కు ఎదురుగానే టివోలి ఉంది. 1843లో తెరిచారు. అక్కడ ప్రవేశ రుసుము కట్టి తోటలు, సంగీతం, రాత్రి దీపాలు చూడొచ్చు. రైడ్లు కావాలన్నవాళ్ళు వేరే కొనుక్కుంటారు. 1874 నాటి మూకాభినయ రంగస్థలం ఇప్పటికీ ఉంది. దాని తెర నెమలి పురి ఆకారంలో ఉంటుంది. వియన్నాలోని ప్రాటర్‌లోకి వెళ్ళడానికి టికెట్టే లేదు. ఏది ఎక్కితే దానికే డబ్బు. అక్కడ 1897 నాటి పెద్ద చక్రం ఉంది. రైలు పెట్టెల్లాంటి గదుల్లో నిలబడి నెమ్మదిగా పైకి వెళ్ళి ఊరు చూసి దిగడమే. ఇలా విడివిడిగా టికెట్టు పెట్టిన చోట ఎక్కనివాడు కూడా గౌరవమైన అతిథే. ఒకే టికెట్టు ఉన్నచోట, ఎక్కనివాళ్ళకు ఆ డబ్బుకు ఏం దొరుకుతుందో బయల్దేరకముందే లెక్క వేసుకోండి.

రెండోది, పార్కు మ్యాపు తీసి నేల మీద ఉన్నవి లెక్కపెట్టండి. ప్రదర్శనలు ఎన్ని, తోటలు ఎన్ని, రైలు ఉందా, పడవ ఉందా, చేతిపనులు చేసేవాళ్ళు ఉన్నారా? ఫ్రాన్స్ పశ్చిమాన వాందే ప్రాంతంలో పుయ్ డ్యు ఫూ అని ఒక పార్కు ఉంది. పెద్ద పేరున్న పార్కు, కానీ రోలర్ కోస్టర్లు లేవు. మొత్తం ప్రదర్శనలే. రోమన్ల కాలం నాటి రథాల పందెం, యోధుల పోరాటాలు, ప్రేక్షకుల తలల మీదుగా ఎగిరే గద్దలు. దాని మూలం 1978లో మొదలైన ఒక రాత్రి ప్రదర్శన. ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే స్వచ్ఛందంగా వేషాలు కట్టి తమ ప్రాంత చరిత్రను ఆడతారు. పార్కు తర్వాత 1989లో వచ్చింది. మన వీధి నాటకాలు, తోలుబొమ్మలాటలు తెల్లవార్లూ చూసిన తరానికి దీని సంగతి వేరే చెప్పాలా?

మూడోది, ఎత్తు నిబంధన చూడండి. రైడ్ల పట్టికలో ఒక్కోదానికీ పిల్లలు కనీసం ఇంత ఎత్తు ఉండాలని రాస్తారు. ఏ ఎత్తు వాళ్ళయినా ఎక్కవచ్చు అని ఉంటే అది సాధారణంగా నెమ్మదైనదే. మనవడి కోసం పెట్టిన నిబంధన తాతకు కూడా పనికొస్తుంది. అయితే కళ్ళు మూసుకుని నమ్మొద్దు. డిస్నీల్యాండ్‌లో సముద్రపు దొంగల పడవకు ఎత్తు నిబంధన లేదు, కానీ చీకట్లో రెండుచోట్ల పడవ జారుతుంది. ఎక్కేముందు అక్కడి ఉద్యోగిని అడగండి: జారుతుందా, తిరుగుతుందా, చీకటా? మూడే ప్రశ్నలు. సిగ్గుపడొద్దు.

ఇందులోనే ఇంకో మెలిక ఉంది. కొన్ని రైడ్లలో కుర్చీ ఎటూ పోదు. ఎదురుగా పెద్ద తెర మీద బొమ్మ దూకుతుంది, కుర్చీ కొంచెం ఊగుతుంది. కూర్చునేదే కదా అని పెద్దవాళ్ళు ఎక్కుతారు. అసలు తిప్పలు అక్కడే. కన్ను పరిగెడుతున్నానంటుంది, చెవి కూర్చున్నానంటుంది. ఘాట్ రోడ్డు పడనివాళ్ళు ఇలాంటి తెరల రైడ్లకు దూరంగా ఉండటం మంచిది. పొరపాటున ఎక్కితే కళ్ళు మూసుకోండి, కొంత ఉపశమనం దొరుకుతుంది.

నాలుగోది, నీడ, కూర్చునే చోటు, నడక, మరుగుదొడ్లు. ఎక్కనివాళ్ళు రోజంతా ఉండేది నేల మీదే కాబట్టి నేల ఎలా ఉందో చూడాలి. కాలం చూడాలి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఏ పార్కుకైనా వెళ్ళడం డబ్బిచ్చి వడదెబ్బ కొనుక్కోవడమే.

ఈ నాలుగు గుర్తులూ నాకు నేర్పింది మా ఆవిడే. మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు. మమ్మల్ని ఫ్లోరిడా తీసుకెళ్ళాడు. పన్నెండేళ్ళ కిందటి అనుభవం మనసులో ఉంది కాబట్టి ఈసారి నేను ముందే అడిగాను, మీ అమ్మకు ఏముందిరా అని. వాడు ఆలోచించి ఎప్‌కాట్ అన్నాడు. 1982లో తెరిచిన డిస్నీ వాళ్ళ పార్కే. అక్కడ కూడా ఒళ్ళు హూనం చేసే రైడ్లు ఉన్నాయి. నేనూ మా అబ్బాయీ అవి చూసుకున్నాం. కానీ పార్కులో సగభాగం ఒక చెరువు చుట్టూ పదకొండు దేశాల ప్రాంగణాలు. మెక్సికో, నార్వే, చైనా, జపాన్, మొరాకో ఇలా. మన దేశం అందులో లేదు, అది వేరే సంగతి. చుట్టూ తిరిగితే సుమారు రెండు కిలోమీటర్లు. ఒక్కో దేశం దగ్గర ఆ దేశపు కట్టడాలు, దుకాణాలు, తిండి.

అక్కడే నేల గురించి ఒక పడవ ప్రయాణం ఉంది. నెమ్మదిగా అద్దాల తోటల్లోకి తీసుకెళ్తుంది. మట్టి లేకుండా, నీళ్ళలోనే పోషకాలు కలిపి పెంచుతున్న టమాటాలు, గుమ్మడికాయలు, పక్కన చేపల పెంపకం. ఆ కూరగాయలు ఆ పార్కు హోటళ్ళలోనే వండుతారు. మా ఆవిడ రైతు బిడ్డ. మొదటిసారి దిగగానే మళ్ళీ ఎక్కుదామంది. మూడుసార్లు ఎక్కింది! వేళ్ళు గాలిలో ఎలా వేలాడుతున్నాయో, తీగకు కింద ఏం కట్టారో సాయంత్రం మాకు పాఠం చెప్పింది. మేం ఎక్కిన రైడ్ల గురించి మాకు చెప్పడానికి "బాగుంది" తప్ప మాట లేదు. నాకు మళ్ళీ ఆ తొమ్మిదో తరగతి వ్యాసం గుర్తొచ్చింది. ఆ రాత్రే ఊళ్ళో ఉన్న నా స్నేహితుడికి ఫోన్ చేద్దామనుకున్నాను. చెయ్యలేకపోయాను.

మనవైపు చోట్ల గురించి చెబుతాను. హైదరాబాద్ పక్కన రామోజీ ఫిల్మ్ సిటీ 1996 నుంచి ఉంది. ప్రపంచంలో అతి పెద్ద ఫిల్మ్ స్టూడియో సముదాయంగా గిన్నిస్ రికార్డు దానిది. అక్కడ ముఖ్యమైనది చూడటమే. బస్సులో కూర్చోబెట్టి సినిమా వీధులు, ఉద్యానవనాలు తిప్పుతారు, బాహుబలి సెట్లు చూపిస్తారు. కూర్చుని చూసే ప్రదర్శనలున్నాయి, పక్షుల పార్కు, సీతాకోకచిలుకల పార్కు ఉన్నాయి. పిల్లలకు ఆడుకోవడానికి విడిగా చోటుంది. లోటు ఏమిటంటే ఎక్కడం దిగడం, ఎండలో నడక ఎక్కువ. ఆ ఊళ్ళోనే మాదాపూర్‌లో శిల్పారామం 1992 నుంచి ఉంది. చేతివృత్తుల వాళ్ళ బొమ్మలతో పల్లె మ్యూజియం, చెట్ల నీడ, నేత చీరలు. సాయంత్రం నింపాదిగా గడపడానికి బాగుంటుంది.

చెన్నై దాటాక సముద్రం పక్క రోడ్డు మీద ముట్టుకాడు దగ్గర దక్షిణచిత్ర ఉంది. 1996లో తెరిచారు. దక్షిణాది రాష్ట్రాల పాత ఇళ్ళను జాగ్రత్తగా విప్పి తెచ్చి అక్కడ మళ్ళీ నిలబెట్టారు. ఇలా ఇళ్ళను తరలించి చూపించే పద్ధతికి స్వీడన్‌లో 1891లో మొదలైన స్కాన్సెన్ పెద్ద పేరు తెచ్చింది. దక్షిణచిత్రలో మన తీరప్రాంతపు చుట్టిల్లు ఉంది, ఇక్కత్ నేసే నేతగాని ఇల్లు ఉంది. తాటాకు కప్పు కింద పెరిగిన మన తరం ఆ చుట్టింట్లోకి తలవంచి వెళ్ళినప్పుడు మనవలకు చెప్పడానికి చాలా ఉంటుంది. ఏ రైడూ అంత వెనక్కి తీసుకెళ్ళలేదు.

విదేశాలకు ప్యాకేజీ మీద వెళ్ళేవాళ్ళకు ఒక సూచన. సింగపూర్ ప్యాకేజీల్లో ఒక రోజు రైడ్ల పార్కుకి పోతుంది. ఎక్కనివాళ్ళు అది వదిలేసి ఇంకేదైనా ఇమ్మని బుకింగ్ రోజే అడగండి. 1994లో మొదలైన నైట్ సఫారీ అక్కడే ఉంది. రాత్రిపూట తిరిగే జంతువులను ట్రామ్‌లో కూర్చుని చూడొచ్చు. డబ్బు కట్టేశాక అడిగితే ఎవరూ వినరు, ముందు అడిగితే వింటారు.

కాబట్టి కార్యవర్గానికి నా ప్రతిపాదన ఇది. జనవరిలో సంక్రాంతి వెళ్ళాక హైదరాబాద్ వెళ్దాం. మొదటి రోజు ఫిల్మ్ సిటీ, రెండో రోజు సాయంత్రం శిల్పారామం. రైడ్లు కావాలన్న పిల్లల్ని, నాలాంటి పెద్దపిల్లల్ని రెండో రోజు పొద్దున వేరే బస్సులో వేరే పార్కుకి నేను తీసుకెళ్తాను. ఆ బస్సులో ఎక్కనివాళ్ళు ఎవరూ ఉండరు. సామాన్లు లాకర్లలో పెట్టుకుందాం, అద్దె సంఘం భరిస్తుంది. కోశాధికారి గారు నావైపు అలా చూడొద్దు, ఆ ఖర్చు నాది. ఎక్కేవాళ్ళూ ఎక్కనివాళ్ళూ ఏ గంటకు ఎక్కడ కలవాలో ముందే చెప్పుకుందాం. ఆ గంట వరకు ఎవరి దారి వారిది, ఎవరూ ఎవరికోసం కూర్చుని ఎదురు చూడనక్కరలేదు.

ఒక్క నియమం మాత్రం రాసి పెట్టాలని కోరుతున్నాను. ఎవరినీ చెయ్యి పట్టి లాగకూడదు. ఎక్కితే భయం పోతుంది కదా అని కొందరు అంటారు. తనంతట తాను ప్రయత్నిద్దామనుకున్నవాడికి పోతుందేమో. నలుగురిలో సిగ్గుపరిచి ఎక్కించినవాడికి పోయేది భయం కాదు. ఏం పోతుందో నాకు తెలుసు.

చివరగా ఒక సంగతి చెప్పి ముగిస్తాను. ఈ సభల ఆహ్వానపత్రం పంపాక, మూడు వారాల కిందట నా స్నేహితుడికి ఫోన్ చేశాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక ముందు వానల గురించి మాట్లాడాను. తర్వాత, "ఆ రోజు తప్పు నాదిరా" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "యాత్ర ఉందటగా, ఏమీ ఎక్కించనని రాసిస్తావా?" అన్నాడు. రాసిస్తానన్నాను. "అయితే వస్తా. కానీ బ్యాగులు మాత్రం చూడను" అన్నాడు.

ఈ ప్రసంగం మన సావనీరులో అచ్చవుతుందని సంపాదకులు చెప్పారు. కాబట్టి ఒరేయ్, నువ్వు అడిగిన రాత ఇదే అనుకో. దీనికి ఇంతమంది సాక్షులు. నువ్వు రా. తిరునాళ్ళ మీద రాసినట్టు ఈ యాత్ర మీద కూడా నాలుగు పేజీలు రాయాలి. వచ్చే సంచికకు.